వడ్లు కల్లం దాటినంక పైసలు ఎవరి చేతికి?

కోత మిషన్ పొలం దిగి, ట్రాక్టర్ డబ్బాలో వడ్లు పోసిన గడియ నుంచి మీ సరుకు మీద మీ పెత్తనం తగ్గుతూ పోతుంది. దుక్కి దున్నింది మీరు, నాటు వేసింది మీరు, కరెంటు కోసం రాత్రిళ్లు మోటారు దగ్గర కావలి పడుకున్నది మీరు. కల్లంలో రాశి పోసిన తర్వాత మాత్రం కాంటా ఇంకొకరిది, తేమ మిషన్ ఇంకొకరిది, లారీ ఇంకొకరిది, మిల్లు ఇంకొకరిది. మొగులు పట్టిందంటే ఇగ ధర కూడా ఎదుటివాడు చెప్పిందే.

గింజ కల్లం నుంచి తినేవాని కంచం దాకా పోయే దారిని చదువుకున్నవాళ్లు ఇప్పుడు 'విలువ గొలుసు' అంటున్నారు. పేరు కొత్తదే గానీ సంగతి పాతది. ఎండబెట్టడం, తూర్పార పట్టడం, తూకం, నిల్వ, మిల్లు, రవాణా, అమ్మకం, ఇవన్నీ ఆ గొలుసులో కడెలు. ఒక్కో కడె దగ్గర సరుకు ధర కొంత పెరుగుతుంది. ఆ కడె ఎవరి చేతిలో ఉంటే పెరిగిన పైసలు వారివి. మన ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాల చిన్న రైతు చేతిలో ఎన్ని కడెలు ఉన్నాయో, ఇంకొకటి ఎట్లా పట్టుకోవచ్చో ఈ వారం చూద్దాం.

తడి వడ్ల లెక్క

ముందుగా ఏ సంఘమూ, ఏ మిల్లూ అవసరం లేని కడె. అది ఎండబెట్టడం.

మిషన్ కోతకు వచ్చిన వడ్లలో తేమ 22 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకు తీసుకునేది 17 శాతం లోపు ఉంటేనే. ఈ సందులోనే బేరగాడు పొలం గట్టు మీదికి వస్తాడు. "ఎండబోసుడు ఎందుకు పటేలా, పచ్చివే కాంటా పెట్టు, పైసలు తీస్కో" అంటాడు. అతను చెప్పిన ధర మంచిదా కాదా అన్నది మీరే లెక్క కట్టుకోవచ్చు.

24 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లలో నీళ్లు 24 కిలోలు, అసలు సరుకు 76 కిలోలు. వాటిని 17 శాతానికి ఎండబెడితే 76ను 83తో భాగించి 100తో గుణించాలి. సుమారు 91 కిలోల ఆరు వందల గ్రాములు వస్తాయి. అంటే ఎనిమిది కిలోల పైన నీళ్లు పోతాయి. 2025-26కు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన ఆ పచ్చి క్వింటాలు విలువ దాదాపు 2,187 రూపాయలు. బేరగాడు 2,150 ఇస్తానంటే అతను మిమ్మల్ని ముంచుతున్నట్టు కాదు, ఎండబోసే కూలీ మిగిలిందనుకొని అమ్ముకోవచ్చు. 1,900 అన్నాడనుకోండి, క్వింటాలుకు 287 రూపాయలు పోతున్నాయి. టార్పాలిన్ కిరాయి, కూలీ కలిపి వంద వేసుకున్నా 187 మిగలాలి. ఎకరానికి 25 క్వింటాళ్లు అనుకుంటే నాలుగున్నర వేల పైచిలుకు. రెండు, మూడు రోజుల ఎండకు, జర ఓపికకు వచ్చే కూలి అది.

సన్న వడ్లకు రాష్ట్ర ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ మొదలుపెట్టింది. అది కేంద్రంలో అమ్మితేనే. గట్టు మీద అమ్మిన సన్నాలకు బోనస్ ముచ్చటే లేదు. కాబట్టి సన్నాలు పచ్చివి అమ్మేటప్పుడు పై లెక్కలో ఆ 500 కూడా కలుపుకొని చూసుకోండి.

మరి మిల్లులో ఏమవుతుంది? క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు మిల్లరు ప్రభుత్వానికి అప్పజెప్పాలి. తవుడు, ఊక, నూకలు మిల్లులోనే ఉండిపోతాయి. తవుడు నూనె మిల్లుకు, ఊక బాయిలర్లకూ ఇటుక బట్టీలకూ, నూకలు దాణాకు పోతాయి. మనం చూడని ఆదాయం అక్కడ ఉంది. అట్లాగని మిల్లరుకు కష్టం లేదని కాదు. యాసంగి వడ్లు ఎండలకు పగిలి పచ్చి బియ్యం పట్టిస్తే నూకలు ఎక్కువ పడతాయి. అందుకే మన జిల్లాల్లో ఉప్పుడు బియ్యం మిల్లులు ఇన్ని వెలిశాయి. 2021-22లో కేంద్రం ఉప్పుడు బియ్యం తీసుకోనన్నప్పుడు ఊరూరా వడ్ల రాశుల దగ్గర మనం పడ్డ గోస మరిచిపోయేది కాదు. ఎక్కడో ఒక్క కడె తెగితే చివరన ఉన్న రైతు మెడకే చుట్టుకుంటుంది.

పత్తికి ఈ సూత్రం చెల్లదు

ఆదిలాబాద్, ఆసిఫాబాద్, నిర్మల్ రైతులు పత్తి తేమ గురించి ఒక సంగతి గమనించాలి. సీసీఐ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆ పైన ఒక్కో శాతానికి ఒక శాతం ధర తగ్గిస్తుంది. 12 దాటితే కొనదు. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. 12 శాతం తేమతో తెస్తే క్వింటాలుకు 324 రూపాయలు కోత.

ఇది చూసి చాలామంది 8 శాతానికి దించాలని ఇంట్లో, మిద్దె మీద రోజుల తరబడి ఆరబోస్తున్నారు. 12 నుంచి 8కి దిగేసరికి క్వింటాలు పత్తి 95 కిలోల 650 గ్రాములకు పడిపోతుంది. పూర్తి ధర వచ్చినా బరువు తగ్గిన లెక్కకు చేతికొచ్చేది అంతే. ఇంకా ముప్పై రూపాయలు తక్కువే. అందుకని 12 లోపుకు వచ్చిందంటే బండి కట్టవచ్చు. కష్టమంతా 12 దాటి ఉన్న పత్తిని ఆ గీత లోపలికి తేవడంలో పెట్టాలి. పొద్దున మంచులో ఏరిన పత్తిని సాయంత్రం ఏరిన దానితో కలపకుండా ఉంటే సగం పని అయినట్టే. 2025 సీజన్ నుంచి సీసీఐ కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు పెట్టింది. స్లాటు చూసుకొని ఏరించుకోవడం మంచిది.

నా చిన్నప్పుడు మా నాయన పత్తిని ఊళ్లోనే అమ్మేవాడు. అప్పు ఇచ్చిన షావుకారే కొనేవాడు, అతని తక్కెడే. ఒక ఏడాది మా మేనమామ పట్నం నుంచి వచ్చి, అదే బోరాన్ని మార్కెట్ యార్డు కాంటా మీద పెట్టించాడు. ఒక్క బోరం మీద నాలుగు కిలోల తేడా వచ్చింది. మా నాయన షావుకారును ఒక్క మాట అనలేదు. మళ్లా వానాకాలం విత్తనాల పైసలకు ఆ ఇంటికే పోవాలి కదా. అప్పు ఇచ్చేవాడూ, కొనేవాడూ ఒక్కడే అయినప్పుడు తూకం గురించి నోరు లేవదు. ఈ ముడి ఎట్లా విప్పాలన్నదే అసలు సమస్య.

క్వింటాలు పత్తిని జిన్నింగ్ పట్టిస్తే సుమారు 34 కిలోల దూది, 64 కిలోల గింజలు వస్తాయి. మిగిలింది చెత్త. 170 కిలోల దూది ఒక బేలు. అంటే ఒక బేలుకు ఐదు క్వింటాళ్ల పత్తి. గింజల నుంచి నూనె, ఆ పైన మన బర్లకు మనమే తిరిగి కొనుక్కొచ్చే పత్తిచెక్క. మన చేను నుంచి పోయిన గింజే బస్తాలో చెక్కగా మన కొట్టానికి వస్తున్నదని గుర్తుపెట్టుకోండి.

ముత్యంపేట చెరుకు, ఫిజీ చెరుకు

మెట్‌పల్లి, కోరుట్ల వైపు చెరుకు రైతులకు గొలుసు తెగడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చెరుకు నరికిన తర్వాత ఆగదు. ఒకటి రెండు రోజుల్లో గానుగ ఎక్కకపోతే బరువు పోతుంది, చక్కెర పోతుంది. దగ్గరలో ఉన్నది ఒక్కటే ఫ్యాక్టరీ. ముత్యంపేట నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లాకౌట్ పడింది, దానితో పాటే బోధన్, మెదక్ జిల్లా ముంబోజిపల్లి కూడా. చెరుకు వేసినవారు దూరపు ఫ్యాక్టరీలకు తోలుకున్నారు, చాలామంది వరికీ పసుపుకూ మళ్లారు.

సరిగ్గా ఆ మరుసటి రెండు నెలలకు, 2016 ఫిబ్రవరిలో, పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవుల్లో విన్‌స్టన్ తుఫాను వచ్చి రాకిరాకి ఊరి పెనాంగ్ చక్కెర మిల్లును దెబ్బతీసింది. ఆ మిల్లు మళ్లీ తెరవలేదు. అక్కడి రైతులు చెరుకును లారీల మీద బా పట్టణం మిల్లుకు తోలుకోవలసి వచ్చింది. ఎక్కడి ఫిజీ, ఎక్కడి ముత్యంపేట అనకండి. ఆ చెరుకు తోటల్లో మన తెలుగువాళ్లున్నారు. 1879 నుంచి 1916 దాకా అరవై వేల మందిని మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా ఓడల్లో అక్కడికి తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు పోయాయి. వాటిలో తెలుగు జిల్లాలవాళ్లు వేల మంది.

వాళ్ల కథలో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. 1920లో కూలీ ఒప్పందాలు రద్దయిన తర్వాత, అక్కడి మిల్లుల యజమాని అయిన ఆస్ట్రేలియా కంపెనీ, సీఎస్ఆర్, తన తోటలను పదెకరాల చొప్పున ముక్కలు చేసి కూలీలకే కౌలుకు ఇచ్చింది. పేరుకు రైతులయ్యారు. పండించే కష్టం, నష్టం రైతువి. చెరుకు ధర మాత్రం కంపెనీ చెప్పింది. దీవి మీద ఇంకో మిల్లు లేదు, ఇంకో కొనుగోలుదారు లేడు. 1943లో ధర కోసం రైతులు చెరుకు నరకమని భీష్మించారు. ధర పెరగలేదు, చెరుకు చేలల్లోనే ఉండిపోయింది. పావు శతాబ్దం గడిచినంక, 1969లో ఇంగ్లండు జడ్జి లార్డ్ డెన్నింగ్‌ను మధ్యవర్తిగా పెట్టారు. ఆయన టన్నుకు ఇంత అని చెప్పి ఊరుకోలేదు. చక్కెర అమ్మగా వచ్చిన సొమ్ములో 65 శాతం రైతుకు, 35 శాతం మిల్లుకు అన్నాడు. ఆ పైన కనీస ధర ఒకటి కట్టాడు. ఆ వాటాకు మిల్లు నడపలేనని కంపెనీ 1973లో ఫిజీ వదిలి వెళ్లింది. మిల్లులు అక్కడి సర్కారు చేతికి వచ్చాయి.

గమనించండి. ధర అడిగినన్నాళ్లు రైతుకు దక్కింది తక్కువ. అమ్మిన సొమ్ములో వాటా అడిగినప్పుడు లెక్క మారింది. వాటా అంటే లెక్కలు చూపించక తప్పదు కదా.

అంతటితో ఫిజీ రైతు కష్టాలు తీరలేదు. కౌలు గడువులు 1997 నుంచి తీరుతూ వచ్చి ఎందరో భూమి వదులుకున్నారు. యూరప్ దేశాలు 2006 తర్వాత తమ చక్కెర కొనుగోలు ధరను మూడో వంతుకు పైగా తగ్గించాయి. దీవికి దూరపు గిరాకీయే ఆధారం. మన ఊరి పరిస్థితి దానికి వేరేమీ కాదు, చుట్టూ సముద్రం లేదన్న మాటే గానీ.

అదే ఫిజీలో ఇంకొక పని నాకు ఎక్కువ నచ్చింది. బొప్పాయి, మామిడి, వంకాయ లాంటివి బయటి దేశాలకు పంపాలంటే పండు ఈగ లేదని చూపించాలి. పాత పొగమందును నిషేధించాక ఎగుమతి ఆగిపోయింది. వేడిగాలితో శుద్ధి చేసే యంత్రం ఏ ఒక్క రైతూ కొనలేడు. 1995లో రైతులూ ఎగుమతిదారులూ కలిసి 'నేచర్స్ వే' అనే సహకార సంఘం పెట్టి నాందీ విమానాశ్రయం దగ్గర ఆ యంత్రం నడుపుతున్నారు. పండు ఎవరిదైనా కిలోకు ఇంత అని శుద్ధి చార్జీ. జగిత్యాల మామిడి రైతులు ఇది ఆలోచించాలి. పూత మీదనే తోట గంపగుత్తకు ఇచ్చేస్తున్న మనకు చల్‌గల్ మార్కెట్ దాకా కాయ తెచ్చే ఓపిక, గ్రేడింగ్ చేసే షెడ్డు రెండూ కావాలి.

ముల్కనూరు ఏం చేసింది

షావుకారు ముడి సంగతికి వద్దాం. దాన్ని విప్పినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. భీమదేవరపల్లి మండలం ముల్కనూరు 2016 దాకా కరీంనగర్ జిల్లాలోనిదే, ఇప్పుడు హనుమకొండ జిల్లా. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి అక్కడ 14 ఊళ్ల రైతులను కలిపి సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం పెట్టారు. పేరులోనే రెండు పనులున్నాయి చూడండి. అప్పు ఇచ్చేదీ, పంట కొనేదీ ఒక్కరే, షావుకారు లాగానే. తేడా ఏమంటే ఆ షావుకారు రైతులే.

విత్తనాలు, ఎరువులు సంఘం అప్పు కింద ఇస్తుంది. పంట సంఘానికే వస్తుంది. అప్పు తీరగా మిగిలింది రైతుకు. వరి విత్తనోత్పత్తి, రైస్ మిల్లు, పత్తి జిన్నింగ్ ఒకటొకటిగా పెట్టుకున్నారు. వడ్లు అమ్మే రైతు విత్తనం అమ్మే రైతు అయితే అదే ఎకరం మీద రాబడి వేరు. విత్తన వరికి కేళీలు ఏరివేయడం, పక్క పొలంతో దూరం పాటించడం, మిషన్ శుభ్రంగా కడగడం వంటి పనులు ఒక్క రైతుతో కావు. ఊరంతా ఒక కట్టు మీద ఉంటేనే అవుతాయి.

అదే ముల్కనూరులో 2000 సంవత్సరంలో ఆడవాళ్లు సొంతంగా డెయిరీ పెట్టారు. స్వకృషి పేరుతో పాలు అమ్ముతారు. సభ్యులు ఆడవాళ్లే, నడిపేదీ ఆడవాళ్లే. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరయింది. సర్కారు పెట్టుబడి లేకుండా, సర్కారు పెత్తనం లేకుండా సంఘం నడుపుకొనే వీలు ఆ చట్టం ఇచ్చింది. పాలు కూడా చెరుకు లాంటివే, ఆగవు. పొద్దున పిండినవి చల్లబడకపోతే విరుగుతాయి. అందుకే పాల రైతుకు ఊళ్లో కొలత, వెన్న శాతం చూసే మిషన్, చల్లబరిచే కేంద్రం ఈ మూడూ ముఖ్యం. వెన్న శాతం ఎదురుగా చూసి చీటీ రాయించుకున్న ఆడమనిషికి బేరం ఆడవలసిన పని లేదు.

ఆదిలాబాద్ అడవి ఊళ్లలోనూ ఈ దారి మొదలయింది. ఇప్పపువ్వు ఏరి సంతలో కిలోల లెక్కన అమ్ముకున్న చోట, ఉట్నూరు ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు కట్టి అమ్ముతున్నారు. చేతిలో ఉన్న చిన్న కడె అది, గానీ వాళ్లదే.

సంఘంలో చేరే ముందు

ముల్కనూరు లాంటిది ఊరికొకటి పెట్టండని రాయడం తేలికే. నేను చూసిన సంఘాల్లో చాలా వరకు ఎరువుల దుకాణాలుగా మిగిలినవే. 2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం పెట్టింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. సభ్యుని వాటా ధనానికి సమానంగా ఒక్కొక్కరికి 2,000 రూపాయల వరకు, సంఘానికి 15 లక్షలు మించకుండా కేంద్రం కలుపుతుంది. మూడేళ్లకు నిర్వహణ ఖర్చు 18 లక్షల వరకు ఇస్తుంది. ఆ పైసలు అయిపోయిన నాలుగో ఏడు సంఘం ఏం చేస్తుందన్నదే మీరు అడగవలసిన ప్రశ్న.

మీ ఊరి సంఘానికి వాటా కట్టే ముందు ఇవి కనుక్కోండి. కాంటా ఎవరిది, దాన్ని తూనికల శాఖ వాళ్లు ఎప్పుడు ముద్ర వేశారు? సరుకు ఇచ్చిన ఎన్ని రోజులకు పైసలు వస్తాయి, ఆ నడుమ చిట్టీ ఇస్తారా? లెక్కలు రాసేది జీతం తీసుకునే మనిషా, అధ్యక్షుని తమ్ముడా? గత ఏడాది మహాసభ జరిగిందా, లాభం ఎట్లా పంచారు? వాటా ధనం మీద పంచారా, ఎవరు ఎంత సరుకు పోస్తే దాన్ని బట్టా? రెండోదైతేనే అది రైతుల సంఘం. చివరగా మీ సంగతి. సంఘం దగ్గర అప్పు తీసుకొని, బయట యాభై రూపాయలు ఎక్కువ వస్తే అక్కడ అమ్మే సభ్యులు ఎందరు? నడవని సంఘాల్లో నేను విన్న మొదటి ఫిర్యాదు ఇదే, నాయకుల మీద ఫిర్యాదు దాని తర్వాత వస్తుంది.

కౌలు రైతులకు ఒక మాట. భూమి పట్టా మీ పేరు మీద లేదు గనుక కొనుగోలు కేంద్రంలో గానీ సీసీఐ దగ్గర గానీ పైసలు పట్టాదారు ఖాతాలో పడే వీలుంది. విత్తినప్పుడే మీ క్లస్టర్ ఏఈవో దగ్గరకు పోయి పంట నమోదులో సాగుదారుగా మీ పేరు, మీ బ్యాంకు ఖాతా రాయించుకోండి. కోతలప్పుడు పోతే వాళ్లకూ వీలు కాదు.

ఇక ఈ యాసంగికి కొత్త సంఘం పెట్టే వ్యవధి లేని ఊళ్లలో కనీసం పది, పదిహేను మంది కలిసి టార్పాలిన్లూ, ఒక తేమ మిషనూ కొనుక్కొని చూడండి. తేమ మిషన్ ధర పది మంది పంచుకుంటే ఒక్కొక్కరికి ఎరువు బస్తాల ఖర్చు మించదు. గట్టు మీదికి వచ్చినవాడు తన మిషన్ తీసేలోపే మీరు మీది తీయవచ్చు. తేమ ఎంత అని అతన్ని అడగకండి, మీరే చెప్పండి. అమ్మినంక తక్‌పట్టీ మీద బస్తాలు, బరువు, తేమ, తరుగు నాలుగూ విడివిడిగా రాయించుకోండి. తరుగు ఎంత తీశారో గడి ఖాళీగా వదిలిన కాగితం తీసుకొని ఇంటికి రావద్దు.